కుంపటికొండ ఊపిరిబావులు

మణిమంతపురానికి ఉత్తరాన నిలిచిన కుంపటికొండను దూరం నుంచి చూసిన కవులు దాని మీద కావ్యాలకు కావ్యాలే రాశారు. పొద్దున దాని చరియలు కుంకుమ పూసుకుంటాయి, మధ్యాహ్నానికి పసుపు తిరుగుతాయి, పొద్దు వాలేసరికి నేరేడు రంగులోకి మారతాయి. వేడినీటి బుగ్గల ఆవిరి శిఖరాన్ని తెల్లని పట్టుపాగాలా చుట్టుకుని ఉంటుంది. అందులో పట్టపగలే చిన్న చిన్న ఇంద్రధనుస్సులు పుట్టి మాయమవుతుంటాయి. చాలా బాగుంది. ఆ కవుల్లో ఒక్కడైనా కొండ లోపలికి పోయి చూశాడా అంటే మాత్రం లేదు. పోయి ఉంటే కావ్యం సగంలో ఉండగానే తాటాకులు మాడిపోయేవి.

లోపలికి పోవడానికి సిద్ధపడి వచ్చినవాడు సారంగుడు. అదీ స్థపతి వేషంలో.

సారంగుడి వృత్తి దొంగతనం. గోడకు కన్నం వేయడంలో ఆ చుట్టుపక్కల రాజ్యాల్లో అతనికి సాటి లేడు. అతని భార్య కురంగి రాకుమారి విద్యుల్లతకు చెలికత్తె. వసంతోత్సవం నాడు ధూమకేశుడనే మాంత్రికుడు పొగమబ్బు మీద దిగి రాకుమారిని ఎత్తుకుపోతుంటే, చుట్టూ ఉన్న భటులు నోళ్ళు వెళ్ళబెట్టి చూశారు. కురంగి ఒక్కతే రాకుమారి నడుము పట్టుకుని వేళ్ళాడింది, చివరిదాకా వదల్లేదు. మాంత్రికుడు ఇద్దరినీ మోసుకుపోయి కుంపటికొండ నడిబొడ్డున ఉన్న గుహలో బంధించాడు. అమావాస్య నాడు పొద్దు గుంకగానే ఇద్దరినీ హోమగుండానికి ఆహుతిచేసి చావులేని వరం పొందాలని వాడి పన్నాగం.

గుహకు ఉన్నది ఒకే ద్వారం. దాని మీద ధూమకేశుడు అగ్నికట్టు వేశాడు. దాటబోయిన సైనికులు బూడిదయ్యారు. కొండరాయికి మాత్రం కట్టు వేయడం వాడు మరిచాడు. అందుకని ప్రచండవర్మ మహారాజు కొండ పక్క నుంచి సొరంగం తవ్విస్తున్నాడు. తన కూతురి కోసం. చాటింపులో గానీ, శాసనంలో గానీ, గుడిలో చేయించిన పూజల్లో గానీ కురంగి పేరు ఎవడూ ఎత్తలేదు. అది తలుచుకున్నప్పుడల్లా సారంగుడికి అరికాలి మంట నెత్తికెక్కేది.

ఈ వేళే అమావాస్య. తెల్లవారుతుండగా అడవిదారిలో సారంగుడికి ఒక పెద్దమనిషి ఎదురొచ్చాడు. పేరు విశ్వంభరాచార్యులు. సొరంగం పని చక్కదిద్దమని రాజు పొరుగుదేశం నుంచి పిలిపించిన స్థపతి. ఆ లోపలి వేడి గురించి సత్రంలో విని, వచ్చిన దారినే పరుగు లంకించుకున్నాడు. సారంగుడు తన ముతక దుప్పటి అతనికిచ్చి, అతని జరీ తలపాగా, పచ్చల ఉంగరం, ఉత్తరీయం పుచ్చుకున్నాడు. బేరం ఇద్దరికీ నచ్చింది.

సొరంగం ముందు దండనాయకుడు భీమరథుడు పులిలా తిరుగుతున్నాడు.

"నిన్ననే రావలసినవారు," అన్నాడతను.

"శుభముహూర్తము చూచుకొని బయలుదేరితిమి," అన్నాడు సారంగుడు గొంతు బరువుచేసుకుని.

"మీ ముహూర్తం సంగతి నాకు అక్కర్లేదు. లోపల పని ఆగిపోయింది. ఇంకా కొంచెం రాయే మిగిలింది, అవతల గుహలో మంత్రాలు కూడా వినపడుతున్నాయి. పొద్దు గుంకేలోగా ఆ రాయి పగలకపోతే రాకుమారి దక్కదు. రాకుమారి దక్కకపోతే మీ తల మీకు దక్కదు. లోపలికి పదండి."

సారంగుడు లోపలికి అడుగుపెట్టాడు. నాలుగడుగులు వేసేసరికి జరీ తలపాగా తడిసి చెవుల మీదికి జారింది. గోడలు వేడి చెమటలు కక్కుతున్నాయి. పై రాతి నుంచి పడిన చుక్క భుజం మీద చుర్రుమంది. ఎదురుగా ఇద్దరు మనుషులు మూడోవాణ్ణి మోసుకొస్తున్నారు. ఆ మోసుకొచ్చేవాళ్ళకూ కాళ్ళు నిలవడం లేదు. సొరంగం చివర రాయి దగ్గర గునపాలకు తడిగుడ్డలు చుట్టి పట్టుకున్నారు. ఒకడు పోటు మీద పోటు వేసి, ఊపిరి అందక గునపం మీదే వాలిపోయాడు. అతన్ని లాగి ఇంకొకడు నిలబడ్డాడు.

వీళ్ళు గునపాలవాళ్ళు, తరతరాలుగా సొరంగాలు తవ్వే జాతి. వాళ్ళ నాయకురాలు ఎల్లసాని అక్కడే ఉంది. వయసు మళ్ళిన మనిషి, చేతికి లావాటి వెండి కడియం, జుట్టు నడినెత్తిన ముడి.

"ఇంత ఉక్క ఏమిటి? గాలి రావడానికి దారి పెట్టలేదా?" అన్నాడు సారంగుడు. ఉక్కకు అతని గ్రాంథికం అప్పుడే కరిగిపోయింది.

"గాలికేం కొదవ అయ్యా. దోవ పొడుగునా ఊపిరిబావులు ఉండాయి గదా," అంది ఎల్లసాని.

"ఊపిరిబావులా?"

"మా మనిషి ఈడ పడి చచ్చిపోతే, వాడు పడినచోటికే కొండ మీద నుంచి బావి దింపుతాం. వాడి ఊపిరి దాంట్లోంచి పైకి పోతాది. అడుగున దీపం పెడతాం. ఆ బావిని మూయకూడదు. మూస్తే ఆ ఊపిరికి దోవ లేక ఈడే తిరుగుతా ఉంటాది."

సొరంగం కొండ పక్కటెముకను ఆనుకుని పోతోంది కనుక పైనుంచి బావి దింపడం వాళ్ళకు పెద్ద పని కాదు. సారంగుడు వెనక్కి తిరిగి చూశాడు. సొరంగం పొడవునా పైకప్పులో వెలుగు గుండ్రాలు, ఒక్కొక్క దాని కింద ఒక దీపం. ఒక్కో దీపం ఒక్కో మనిషి.

అతను అక్కడక్కడ గోడకు చెవి ఆనించి వింటూ, దీపాలను చూసుకుంటూ నడిచాడు. కన్నం వేసే దొంగ ఇంట్లో అడుగు పెట్టకముందు చూసేది దీపాన్నే. కన్నంలోంచి గాలి ఎటు పోతోందో దీపం చెబుతుంది. ముఖద్వారం దగ్గరి మొదటి బావి కింద దీపం నిలువుగా సాగి రెపరెపలాడుతోంది. తరువాతిది కొంచెం నెమ్మదిగా ఉంది. పోనుపోను దీపాలు బద్ధకంగా ఉన్నాయి. చివరి బావికి అవతల, రాయి దగ్గర పెట్టిన దీపం బొమ్మలో గీసినట్టు కదలక మెదలక నిలబడింది.

సారంగుడు ముఖద్వారం దగ్గర తడి ఊక రాజేయించాడు. పొగ లోపలికి పాకింది. మొదటి బావి దగ్గరికి రాగానే సగానికి సగం పైకి పోయింది. మిగిలింది రెండో బావిలోంచి పోయింది. ఆపైన పొగ జాడ లేదు.

'ఓసి నీ దుంప తెగ, నువ్వూ నా జాతిదానివే,' అనుకున్నాడు సారంగుడు గాలిని ఉద్దేశించి. దగ్గర్లో కన్నం దొరికితే దూరం పోయే దొంగ ఎవడు?

అతను భీమరథుణ్ణీ, ఎల్లసానినీ పిలిచాడు.

"చివరి బావి ఒక్కటి తప్ప మిగతావన్నీ మూసేయాలి. ఆ చివరి బావి ముందు నుంచి రాయి దాకా సొరంగానికి నడిమధ్య నిలువునా తెర కట్టాలి. గాలి తెరకు ఈ పక్క నుంచి రాయి దాకా పోవాలి, అక్కడ మలుపు తిరిగి, ఆ పక్క నుంచి వేడిని మోసుకుని వెనక్కొచ్చి, చివరి బావిలోంచి పైకి పోవాలి. అలా పోవాలంటే దాన్ని లాగేది ఒకటి కావాలి. అందుకని ఆ బావి అడుగున పెద్ద మంట వేయాలి."

భీమరథుడు కత్తిపిడి మీద చేయి వేశాడు.

"జనం వేడికి చస్తుంటే లోపల మంట వేస్తానంటున్నారు," అన్నాడు.

"అవును."

"గాలి ఆడక చస్తుంటే ఉన్న బావులు మూయిస్తానంటున్నారు."

"అదీ అవును. తెరకు మీ సైన్యం గుడారాలన్నీ కావాలి. మీ గుడారం కూడా. దాని వాకిట కట్టిన వట్టివేళ్ళ తడికెలు ముఖద్వారానికి కట్టించి నీళ్ళు చల్లిస్తూ ఉండండి, వచ్చే గాలి చల్లబడి వస్తుంది."

వట్టివేళ్ళ తడికెల మాట రాగానే దండనాయకుడి ముఖం వాడిపోయింది. రాకుమారిని ఎత్తుకుపోయిన రోజున కూడా అతను అంత బాధపడలేదంటారు. కానీ పొద్దు నడినెత్తి దాటింది, వేరే ఉపాయం చెప్పేవాడు లేడు.

"కానివ్వండి. ఇది కూడా కాకపోతే ఆ మంటలో మొదట వేసేది మిమ్మల్నే," అన్నాడు.

ఎల్లసాని మొదటి బావి వైపు ఒకసారి చూసి, తన వాళ్ళను తీసుకుని కొండ మీదికి పోయింది.

ఇక పని పని. గుడారాలు కూలాయి, తాళ్ళు తెగాయి, రాజముద్రలు వేసిన ఎర్రని పట్టుగుడ్డలను ముతక గోనెలతో కలిపి టాకాలు వేశారు. కొండ మీద ఊపిరిబావుల నోళ్ళకు తడి తోళ్ళు పరిచి, పైన బండలు దొర్లించి, మట్టి మెత్తారు. సొరంగంలో వెలుగు గుండ్రాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. గునపాలవాళ్ళు ఒక్కో బావి మూతపడినప్పుడల్లా పని ఆపి, తలగుడ్డ తీసి, మళ్ళీ చుట్టుకున్నారు. సారంగుడు తెర కొస పట్టుకుని ఇటూ అటూ పరుగెత్తాడు, నిచ్చెన ఎక్కి దిగాడు, వేడి బండ తగిలి మోచేయి కాల్చుకున్నాడు. అతని చెవిలో ఒకటే మాట, పొద్దు వాలుతోంది, పొద్దు వాలుతోంది.

చివరి బావి అడుగున దుంగలు పేర్చి మంట వేశారు.

మంట లేచింది. పొగ లేచింది. లేచిన పొగ బావిలోకి పోకుండా తెరను దాటి మనుషుల మీద పడింది. దగ్గులు, కేకలు. రాయి దగ్గర ఉన్నవాళ్ళు పాకుతూ బయటికి వచ్చారు. పొగలోంచి ఒక చేయి వచ్చి సారంగుడి ఉత్తరీయం పట్టుకుంది, దాని వెంటే కత్తి వచ్చి మెడ మీద ఆనింది.

"ఇదా నీ విద్య?" అన్నాడు భీమరథుడు.

"ఎక్కడో ఒక కన్నం తెరిచి ఉంది," అన్నాడు సారంగుడు. "గాలి అక్కడి నుంచి జారుకుంటోంది. మంటకు గాలి అందడం లేదు. నన్ను చూసి రానివ్వండి. తరువాత నరకండి."

కత్తి కొంచెం సడలగానే ఉత్తరీయం అతని చేతిలోనే వదిలి సారంగుడు పరుగుతీశాడు. ఇంత చీకట్లోనూ ముఖద్వారం దగ్గర ఒక వెలుగు గుండ్రం కనబడుతోంది. మొదటి బావి. దాని కింద దీపం ముందర ఎల్లసాని కూర్చుని ఉంది.

"అమ్మా, ఇది మూయలేదేం?" అన్నాడు రొప్పుతూ.

"ఇది నా మొగుడు గురవప్పది," అంది ఆమె. "ఈ సొరంగంలో తొలి గునపం పోటు వాడిదే, తొలి చావూ వాడిదే. కడమవన్నీ నేనే నిలబడి మూయించినా. దీనికాడికి వచ్చేసరికి చేతులు రాలేదు." తరువాత తలెత్తి అతన్ని తేరిపార చూసింది. "నువ్వు స్థపతివి కాదు గదా నాయనా. స్థపతులు గోడను కొలుస్తారు. నువ్వు గోడకు చెవి పెట్టి విన్యావు."

"కాను. దొంగను. రాకుమారితోపాటు నా పెళ్ళాం కూడా ఆ గుహలో ఉంది. పేరు కురంగి. మీ రాజుకు ఆ సంగతి గుర్తే లేదు."

ఎల్లసాని దీపం వత్తి ఎగదోసింది.

"ఒక మాట నిజం చెప్పు. బావి పడేకొద్దీ లోపల గాలి తగ్గిందనే గదా మూయమన్యావు. అంటే మేము తవ్విన బావులే మావాళ్ళను చంపినాయా?"

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అబద్ధాల మీదే బతికిన సారంగుడికి ఆ క్షణంలో ఒక్క అబద్ధమూ దొరకలేదు. దొరికి ఉంటే చెప్పేవాడే.

"అవునమ్మా," అన్నాడు.

ఆమె ముఖం చేతుల్లో దాచుకుని ఒక్కసారి గట్టిగా ఏడ్చింది. సారంగుడు పక్కన కూలబడ్డాడు. లోపల భీమరథుడి కేకలు దగ్గరవుతున్నాయి.

"గురవప్పను ఆగిపొమ్మని అనడం లేదమ్మా," అన్నాడు మెల్లగా. "ఇక్కడి నుంచి కాక ఆ చివరి బావిలోంచి పొమ్మంటున్నాను. అక్కడ మంట పైకి లాగుతుంది. అందరూ కలిసి పోతారు. ఇక్కడ ఒక్కడే ఎందుకు?"

ఎల్లసాని కొంగుతో ముఖం తుడుచుకుంది. బావిలోంచి పైకి చూసి, అక్కడున్న తన మనుషులకు వినబడేలా, "మూసేయండి," అంది. తోలు పడింది, బండ దొర్లింది. ఆమె దీపాన్ని రెండు చేతులా ఎత్తుకుని, పొగలోకి నడిచింది. దారిలో ఆరిపోకుండా మిగిలిన ప్రతి దీపం దగ్గరా ఆగింది. ఒక్కొక్క దీపాన్నీ తన వాళ్ళ చేతికి ఇచ్చింది. అందరూ చివరి బావి దగ్గరికి వచ్చి ఆ దీపాలను మంటలో పెట్టారు. కత్తి ఎత్తుకుని వచ్చిన భీమరథుడు ఆ వరుసను చూసి పక్కకు తప్పుకున్నాడు.

మంట ఒక్కసారి గుప్పుమని లేచింది. మనుషుల మీద తారట్లాడుతున్న పొగ వంగి, సాగి, బావిలోకి దూరింది. ముఖద్వారం వైపు నుంచి ఏదో కదిలి వచ్చింది. మొదట ఎవరూ నమ్మలేదు. తెర ఉబ్బింది. ఎర్రపట్టు మీద రాజముద్రలు రెపరెపలాడాయి. తడిసిన వట్టివేళ్ళ వాసన మోసుకుంటూ చల్లని గాలి రాయి దాకా పోయి, చెమటతో కారుతున్న వీపుల మీద పడింది. గునపం మీద వాలి ఉన్న ఒక మనిషి కళ్ళు తెరిచి, "వాన పడతాందా?" అన్నాడు.

ఆ తరువాత గునపాలు ఆగలేదు. వంతులవారీగా నలుగురు పోటు వేస్తుంటే మరో నలుగురు రాళ్ళు లాగారు. భీమరథుడు కూడా కవచం విప్పి తట్ట మోశాడు, ఎవడూ అడగకపోయినా. సారంగుడు రాయికి చెవి పెట్టి, "ఇక్కడ, ఇంకొంచెం కింద, ఇదిగో ఇక్కడ పలచన," అని చూపించాడు. రాయి మోత మారింది. పెద్ద పెళ్ళ ఊడి అవతలికి పడింది. మనిషి భుజాలు పట్టేటంత కన్నం తెరుచుకుంది.

అంతే, అవతలి హోమధూమం ఇటు దూకింది.

నల్లగా, జిగటగా, నేల మీద పాకుతూ వచ్చిందది. మంటకు ఉన్న లాగుడు గుహలోని పొగనంతా ఈ కన్నంలోంచి పీల్చేస్తోంది. అది తగిలినవాడికి తగిలినచోటల్లా మొద్దుబారిపోతోంది. ముందున్న ఇద్దరు గునపాలు వదిలేసి కట్టెల్లా పడిపోయారు. వెనక ఉన్నవాళ్ళు వాళ్ళను లాగబోయి తామూ మోకాళ్ళ మీద కూలారు.

"కన్నం మూసేయండి," అని అరిచాడు భీమరథుడు.

అప్పుడే కన్నం అవతల నుంచి ఒక ఆడగొంతు వినిపించింది. "ఎవరోగాని మూయకండి. పొగ అటు పోతోంది. ఇప్పుడే రాకుమారిగారికి కొంచెం ఊపిరి ఆడుతోంది."

సారంగుడికి ఆ గొంతు ఎవరిదో చెప్పనక్కర్లేదు. కన్నం తెరిచి ఉంటే ఇక్కడి మనుషులందరూ రాళ్ళ మధ్య రాళ్ళయిపోతారు. మూస్తే ఆ పొగంతా తిరిగి కురంగి మీదికే పోతుంది. ఎల్లసాని తడితోలు పట్టుకుని వచ్చి కన్నం పక్కన నిలబడింది. ఆమె అతన్ని తొందరపెట్టలేదు. మొగుడి బావిని మూయించిన ఆమెకు మాత్రమే ఆ హక్కు ఉంది, అయినా పెట్టలేదు.

సారంగుడు ఆచార్యులవారి జరీ తలపాగా విప్పి, నీళ్ళ తొట్టిలో ముంచి, ముక్కుకూ నోటికీ చుట్టుకున్నాడు. ఒక గునపం చేతిలోకి తీసుకున్నాడు.

"నేను అవతలికి పోగానే మూసేయమ్మా. మట్టి గట్టిగా మెత్తు."

"నీ పెళ్ళాం లోపల ఉండాదని తెలిసే చెప్తున్యావా? నువ్వు కూడా లోపలే ఉంటావు గదా నాయనా."

"ఉంటాను. నువ్వు మూసెయ్."

కన్నంలోకి తల ముందు పెట్టే దొంగ ఎక్కువకాలం బతకడు. సారంగుడు కాళ్ళు ముందు పెట్టి జారాడు. సగం దూరి ఉండగా అవతల ఎవరో అతని పాదం పట్టుకున్నారు.

"ఈ కాలు నాకు తెలుసు," అంది కురంగి గొంతు.

అతను గుహలో పడ్డాడు. వెనకాల తడితోలు చప్పున అంటుకుంది, దాని మీద మట్టి ముద్దలు పడుతున్న చప్పుడు కొంతసేపు వినిపించి ఆగిపోయింది. కన్నం వైపు వంగి ఉన్న పొగ ఒక్కసారి దారి తప్పినట్టు తారాడి, గిర్రున వెనక్కి తిరిగింది. కురంగి ఒక కాలికి గొలుసు, ఒళ్ళో స్పృహ తప్పుతున్న రాకుమారి తల. చిక్కి సగమైంది. సారంగుడికి ఏడుపొచ్చింది, ఏడవడానికి వ్యవధి లేదు. తలపాగా చించి ఇద్దరి ముక్కులకూ కట్టాడు.

కురంగి గోడ వంక చూసింది. అక్కడ కన్నం లేదు.

"దొంగవై ఉండి వెనక దారి మూయించుకుని వచ్చావా?"

"తెరిచి ఉంచితే అవతల మనుషులు చస్తున్నారు."

కురంగికి కోపం వచ్చింది. అతని చెంప మీద ఒక దెబ్బ వేసింది, వెంటనే ఆ చెంపనే రెండు చేతులా పట్టుకుంది.

"సరేలే. మంచి పని చేశావు. ముందు ఈ గొలుసు తెంచు," అంది.

గునపం మొన గొలుసు కొక్కెంలో దూర్చి అతను బలమంతా పెట్టాడు. కొక్కెం విరిగిన ఖంగుమన్న మోత గుహంతా మార్మోగింది. గుహ నడుమ, నిలువెత్తు లేచిన హోమాగ్ని ఎదుట, రాయి పగిలిన చప్పుడుకైనా ఆగని మంత్రం ఇప్పుడు ఆగిపోయింది.

గోడకు దారి లేదు. మిగిలింది అగ్నికట్టు వేసిన ద్వారం ఒక్కటే, ఆ కట్టు విప్పగలవాడు దాన్ని వేసినవాడు ఒక్కడే. సారంగుడు రాకుమారిని భుజాన వేసుకున్నాడు, కురంగి గునపం అందుకుంది. ఆ ద్వారానికి అడ్డంగా, పొగజడలు విప్పుకుంటూ ధూమకేశుడు లేచి నిలబడ్డాడు.